గుండ్లమెట్ట అడ్డరోడ్డులో తడి ఇసుక

దాహం తీర్చకుండానే దాహం తీర్చే సంస్థను ఎంత పెద్దది చేయవచ్చో మొట్టమొదట చేసి చూపించిన ఘనత గుండ్లమెట్ట అడ్డరోడ్డు బసవపున్నయ్యది. ఆ ఘనత కోసం ఆయన ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఆయన అడిగింది రోజు విడిచి రోజు ఒక ట్యాంకరు నీళ్ళు, అంతే.

బసవపున్నయ్య ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరు. పదమూడేళ్ళ కిందట ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, మిరపకోతకు వచ్చిన ఒక ముసలామె ఆయన బస్సు దిగి నాలుగడుగులు వేసి అడ్డరోడ్డులోనే కూలిపోయింది. బస్సులో నలభై మంది ఉన్నారు. ఒక్కరి దగ్గర గుక్కెడు నీళ్ళు లేవు. పున్నయ్య ఆమె తల ఒళ్ళో పెట్టుకుని టిక్కెట్ల అట్టతో విసురుతూ కూర్చున్నాడు. ఆమె రెండుసార్లు పెదాలు కదిపి, పోయింది. ఆమె పేరేమిటో, ఏ ఊరో కూడా ఆయనకు తెలియలేదు. మరుసటి వేసవికి అక్కడే నాలుగు సరుగుడు కర్రలు పాతి, పైన తాటాకు కప్పి, ఇసుక పోసి, ఆరు కుండలు పెట్టాడు. నీళ్ళు పోయడానికి సైదమ్మను పెట్టాడు.

సైదమ్మ చెయ్యి గొప్పది. దోసిలి పట్టినవాడి మొహం చూసి ధార సన్నం చేయాలో లావు చేయాలో ఆమెకు తెలిసిపోతుంది. ఎండన పడి వచ్చినవాడికి గబగబా పోసేది కాదు. మొదట మొహం కడుక్కోమనేది. పన్నెండు వేసవులు ఆ చెంబు ఆమె చేతి నుంచి దిగలేదు.

నీళ్ళ ఖర్చు ఎరువుల కొట్టాయన పెట్టుకునేవాడు. ఆయన కాస్తా కొట్టు ఎత్తేసి నరసరావుపేట వెళ్ళిపోయాడు. పదమూడో వేసవి ఇంకో నెలలో పడుతుందనగా పున్నయ్య పదమూడు గుమ్మాలు ఎక్కి దిగాడు. పద్నాలుగో గుమ్మం హైదరాబాదులో ఊర్ధ్వగతి ఫౌండేషన్ వారిది.

ఆ గుమ్మం దాటగానే చలేసింది. లోపల ఏసీ అలా ఉంది. ఫౌండేషన్ వృద్ధి విభాగాధిపతి వాచస్పతి గారు కోటు వేసుకుని కూర్చున్నారు. పక్కన ఆయన సహాయకురాలు సంహిత, ఆయన నోటి నుంచి రాలిన ప్రతి మాటా కంప్యూటర్లో పట్టుకుంటోంది.

పున్నయ్య చెప్పిందంతా విని వాచస్పతి గారు జాలిగా నవ్వారు.

"మీరు పొరబడుతున్నారు పున్నయ్య గారూ. మేము నీళ్ళకు డబ్బివ్వం. నీళ్ళిచ్చే సంస్థ ఎదగడానికి ఇస్తాం. రెండూ వేరు."

"ఎట్టా వేరండీ?"

"హోటల్లో వాటా పెట్టినవాడు ఉన్నాడనుకోండి. వంటగది కట్టిస్తాడు, బల్లలు వేయిస్తాడు, పక్క ఊళ్ళో బ్రాంచి తెరిపిస్తాడు. అంతేగాని రోజూ వచ్చి ఇడ్లీ తిని బిల్లు కడతాడా? బిల్లు కట్టేవాడు కొనుగోలుదారు. మేము నిర్మాతలం. ఈ తేడా తెలియకనే దేశంలో సేవాసంస్థలన్నీ మరుగుజ్జులుగా మిగిలిపోయాయి."

పున్నయ్యకు ఆ మాటలో న్యాయం లేకపోలేదనిపించింది. అయినా కండక్టరు బుద్ధి కదా, చిల్లర లెక్క తేలందే వదలదు.

"ఇడ్లీ అయితే తిన్నోడు కడతాడండి. మా అడ్డరోడ్డులో తాగేది కూలోళ్ళు. వాళ్ళ దగ్గర డబ్బుల్లేవనే గదండీ ఊరికే పోసేది. వాళ్ళ బదులు కట్టేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాల గదా?"

"అద్భుతం!" అన్నారు వాచస్పతి గారు. "సంహితా, రాసుకో. ఆ ఎవరో ఒకరిని అన్వేషించడం వీరి వ్యూహాత్మక ప్రణాళికలో ఒకటో అధ్యాయం."

మొత్తం ప్రణాళికలో అధ్యాయాలు పదకొండు. మిగతా పదీ వృద్ధి గురించి. ఒప్పంద పత్రంలో ఏడో షరతు మాత్రం పున్నయ్య రెండుసార్లు చదివాడు. 'మంజూరైన సొమ్ములో ఒక్క రూపాయి కూడా సేవాకార్యక్రమమునకు, అనగా నీరు, నీటి రవాణా, నీటి నిల్వ మరియు తత్సంబంధిత తడి పదార్థములకు వెచ్చించరాదు.' ఆయన పెన్ను ఆగింది. ముందు సంస్థ అంటూ నిలబడితే నీళ్ళకు ఏదో ఒక దారి దొరక్కపోతుందా అనుకుని సంతకం పెట్టాడు. ఆ అనుకోవడంలోనే ఉంది చిక్కంతా.

వృద్ధి మొదలైంది. తాటాకు పందిరి పీకేసి రేకుల షెడ్డు వేశారు, కింద పాలరాయి పరిచారు. కుండలు కొనవచ్చా అన్న ప్రశ్న మీద హైదరాబాదులో మూడు సమావేశాలు జరిగాయి. ఖాళీ కుండ ఆస్తి కిందికి వస్తుంది గనుక కొనవచ్చనీ, అందులో నీళ్ళు పోసిన మరుక్షణం అది సేవ కిందికి మారిపోతుంది గనుక పోయరాదనీ తేల్చారు. ఇసుక ఆస్తే, కానీ పొడిగా ఉన్నంతవరకు. ముగ్గురు వృద్ధి సమన్వయకర్తలు, ఒక విస్తరణ సలహాదారు వచ్చారు. వాళ్ళకు కూర్చోవడానికి కుర్చీలు కావాలి గనుక షెడ్డు పెంచారు. షెడ్డు పెరిగింది గనుక ఇంకో సమన్వయకర్త వచ్చాడు.

ఉగాది నాటికి పన్నెండు చలివేంద్రాలయ్యాయి. శ్రీరామనవమికి నలభై ఒకటి. మధ్యలో ఉన్నవి తొమ్మిది రోజులు. ప్రతిచోటా రిబ్బను కత్తిరించేందుకు ఒక పెద్దమనిషి, ఆ పెద్దమనిషి తాగేందుకు ఒక సీలు బాటిలు. అది వేడుక ఖర్చు, అందుకని షరతుకు అడ్డం రాలేదు. మొత్తం వ్యవస్థలో ప్రవేశించిన తడి అదొక్కటే.

సైదమ్మకు 'జలవితరణ నైపుణ్యాధికారిణి' అని పదవి వచ్చింది, మెడలో వేసుకునే కార్డు వచ్చింది. ఆమె ఆ కార్డును చెంబుకు తగిలించింది. శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒకాయన అడ్డరోడ్డుకు వచ్చి, చెంబు ఏ వాలున పట్టాలో, ఎంత చిరునవ్వు నవ్వాలో తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. నలభై ఒక్క చలివేంద్రాల సిబ్బంది వరసగా నిలబడి ఖాళీ చెంబులు వంచారు. ఎదుట ఇంకో వరస నిలబడి దోసిళ్ళు పట్టింది.

"ఇంకా సన్నగా! ధార తెగకూడదు!" అని అరుస్తున్నాడు శిక్షకుడు.

"ఏ ధార బాబూ?" అంది సైదమ్మ.

"ఊహించుకోవాలమ్మా!"

సరిగ్గా అప్పుడే ఒంటిగంట బస్సు వచ్చింది. మిరపకోత నుంచి తిరిగి వెళ్తున్న ఒక నడివయసు ఆడమనిషి బస్సు ఎక్కేముందు, చేతుల నిండా మిరపఘాటుతో, పరుగెత్తుకుంటూ వచ్చి వరస చివర నిలబడి దోసిలి పట్టింది. ఆమెకు శిక్షణ సంగతి తెలియదు. అలవాటు చొప్పున సైదమ్మ చెంబు వంచేసింది. ఏమీ పడలేదు. ఆమె దోసిలి అలాగే పట్టుకుని పైకి చూసింది.

"నీళ్ళు లేవా తల్లీ?"

శిక్షకుడు చప్పట్లు కొట్టాడు. "చూశారా, దోసిలి అంటే ఇది! కోణం చూడండి!"

ఆమె కొంగుతో పెదాలు తుడుచుకుని బస్సెక్కింది. సైదమ్మ చెంబు పాలరాతి మీద టంగున పెట్టింది.

"పున్నయ్య బాబాయ్, ఈ నెలంతా నీళ్ళు లేవని దూరం నుంచే చెప్పి పంపా గానీ, పన్నెండేళ్ళలో ఈ చెంబు కింద చెయ్యి పట్టినోళ్ళని ఒట్టిచేతుల్తో పంపిందే లేదు. ఇయ్యాల పంపా. నాకు సిగ్గుగా ఉంది. నీకెట్టా ఉందో నాకు తెలవదు."

పున్నయ్యకు ఎలా ఉందంటే, టిక్కెట్ల అట్ట మళ్ళీ చేతిలోకి వచ్చినట్టుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాడు.

అందుకని నెల నివేదికలో నిజం రాయాలనుకున్నాడు. ఆయన అలవాటుగా వచ్చిన ప్రతి మనిషినీ లెక్కపెట్టే ఉంచాడు. 'వచ్చినవారు: పదకొండు వేల మూడు వందల నలభై. అందరూ నీళ్ళు లేక వెనక్కి వెళ్ళిపోయారు. నీళ్ళకు పెట్టిన ఖర్చు: సున్నా. దయచేసి ఆలోచించండి' అని కాగితం మీద రాసిచ్చాడు. సమన్వయకర్త దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. అందులో అంకెలకు గళ్ళున్నాయి, మాటలకు లేవు. దాంతో లబ్ధిదారులు పదకొండు వేల మూడు వందల నలభై అనీ, ఒక్కొక్కరి మీద సేవావ్యయం సున్నా అనీ హైదరాబాదు చేరింది.

హైదరాబాదు ఊగిపోయింది. మరునాడే వాచస్పతి గారు స్వయంగా ఫోను చేశారు.

"పున్నయ్య గారూ! ఒక్కో దప్పికకు సున్నా రూపాయలు! ఇంత పొదుపైన సంస్థ ఇంతవరకు మా కంట పడలేదు. ఎలా సాధించారు?"

"నీళ్ళు పోయకుండానండి."

"ఆ వినయమే మీ బలం!" అన్నారాయన. "మీకు ప్రచార విస్తరణ నిధి మంజూరు చేస్తున్నాను. ఫ్లెక్సీలు వేయించండి. ఎన్నయినా సరే. పరిమితి లేదు. వృద్ధి కనబడాలి!"

మొదటి విడతగా అరవై ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక్కోటి ఇరవై అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు. ఒక మూల ఒలుకుతున్న కుండ, మిగిలిన స్థలమంతా చిరునవ్వుతో వాచస్పతి గారు. 'దాహం మాది, ఎదుగుదల మనది' అని నినాదం. తప్పు ఎక్కడో ఉందని పున్నయ్యకు అనిపించింది గాని, అచ్చయిపోయాక ఏం చేస్తాం. వాటిని షెడ్డు వెనక దొంతరగా పెట్టించి, ఆ దొంతర మీదే దిగులుగా కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పడమట మబ్బు పట్టింది. అకాల వర్షం. మస్తాన్ ట్రాక్టరు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి షెడ్డు ముందు దూకాడు. మస్తాన్‌కు మూడెకరాల మిరప ఉంది, నీళ్ళ ట్యాంకరూ ఉంది. ఎరువుల కొట్టాయన డబ్బు కట్టినన్నాళ్ళూ చలివేంద్రానికి నీళ్ళు తోలింది అతనే.

"బాబాయ్, నీ కాడ పైన కప్పటానికి పట్టాలేమన్నా ఉన్నయ్యా? మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నయ్. ఈ వాన పడితే ఏడాది కష్టం బూజు పట్టిపోద్ది. ఊళ్ళో ఎవురి కాడా పట్టాల్లేవు."

పున్నయ్య దొంతర మీద నుంచి లేచాడు. మస్తాన్ ఒక ఫ్లెక్సీ విప్పి, వేళ్ళతో నలిపి చూసి, లాగి చూసి, మొహం వెలిగిపోయి అన్నాడు.

"అబ్బో, మందంగా ఉంది! పట్టాకంటే మేలు. ఎంత?"

పున్నయ్య ఏడో షరతును మనసులోనే మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాడు. అందులో రూపాయి అని ఉంది. ఫ్లెక్సీ అని ఎక్కడా లేదు.

"డబ్బులొద్దురా. ఒక్కోదానికి మూడు ట్యాంకర్లు తోలు."

"ఇంతేనా? ఇయ్యాలే ఒకటి తోలేస్తా!" అని మస్తాన్ పదింటిని ట్రాక్టర్లో వేసుకుని మబ్బుకంటే వేగంగా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరు కుండలూ నిండాయి. సైదమ్మ కుండలకు గుడ్డలు చుట్టి తడిపింది. చెంబుకు తగిలించిన కార్డు తీసి మేకుకు తగిలించింది. ఒంటిగంట బస్సు నుంచి దిగిన మొదటి మనిషి దోసిలిలో నీళ్ళు పడ్డప్పుడు పున్నయ్య పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరన్నా చూసినా ఫరవాలేదనుకున్నాడు.

అక్కడి నుంచి బసవపున్నయ్యంత వృద్ధి పిచ్చి ఉన్న మనిషి మరొకడు లేడు. "సార్, ఇంకా పెరగాల సార్! వంద ఫ్లెక్సీలు సరిపోవు!" అని రోజూ హైదరాబాదుకు ఫోను చేశాడు. "సార్, సైజు పెంచాలండి. నలభై అడుగులు. గుడ్డ కాస్త మందంది వేయించండి, మన ఆశయం ఎండకీ వానకీ తట్టుకోవాల గదా!" వాచస్పతి గారు పొంగిపోయి ఈ మాటలన్నీ ఫౌండేషన్ వార్షిక సంచికలో అచ్చు వేయించారు. ఫ్లెక్సీ కోసం చుట్టుపక్కల ఆరు ఊళ్ళ ట్యాంకర్లు వరస కట్టాయి. మిరపకల్లాల వాళ్ళ తరవాత గడ్డివాముల వాళ్ళు వచ్చారు, గేదెల పాకల వాళ్ళు వచ్చారు. ఒకాయన మనవరాలి ఓణీల ఫంక్షనుకు షామియానా కింద పట్టుకుపోయాడు. అడ్డరోడ్డు తరవాత గుండ్లమెట్ట ఊళ్ళోని చలివేంద్రంలో నీళ్ళు పడ్డాయి. ఆపైన ఇంకో ఐదింట పడ్డాయి.

కొంప ముంచింది ఫోటో. ఏప్రిల్ నివేదికకు జత చేసిన ఫోటోలో కుండల కింద ఇసుక నల్లగా ఉంది. సంహిత దాన్ని పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది చేసింది. తర్వాత లేచి వాచస్పతి గారి గది తలుపు తట్టింది.

"సార్, అడ్డరోడ్డు కేంద్రంలో సేవ జరుగుతున్న లక్షణాలు కనబడుతున్నాయి."

వాచస్పతి గారు కుర్చీలోంచి లేచారు. "ఏ మేరకు?"

"ఇసుక తడిగా ఉంది సార్."

మర్నాడే తనిఖీ. రుజువైతే నిధులన్నీ వెనక్కి, చలివేంద్రం స్వాధీనం, కుండలు జప్తు. ఈ కబురు సమన్వయకర్త ద్వారా పున్నయ్యకు పొద్దున్నే చేరింది. అప్పటికి బయట ఎండ నలభై ఆరు డిగ్రీలకు సిద్ధమవుతోంది.

"నీళ్ళు పారబోసి పొడి ఇసుక పోయిద్దామా?" అన్నాడు సమన్వయకర్త, ఉద్యోగం గుర్తొచ్చి.

పున్నయ్య సైదమ్మ వంక చూశాడు. సైదమ్మ చెంబు రెండు చేతులా పట్టుకుని ఉంది.

"ఒంటిగంట బస్సు రావాల బాబాయ్," అంది.

"పారబోసేది లేదు," అన్నాడు పున్నయ్య. "జప్తు చేసుకుంటే చేసుకోమను. కుండలు వాళ్ళయ్యి. నీళ్ళు మస్తాన్‌వి. దాహం మనది. అది వాళ్ళేం పట్టుకుపోతారు?"

వాచస్పతి గారు పద్ధతైన మనిషి. దారిలో ఉన్న పదకొండు చలివేంద్రాలు తనిఖీ చేసుకుంటూ వచ్చారు. పదకొండూ ఎండిన వాటిలోవే. కుండలో చెయ్యి పెట్టి చూశారు, ఇసుక గుప్పిట్లోంచి రాల్చి చూశారు. ఎక్కడా చెమ్మ లేదు. పదకొండింటికీ నూటికి నూరు మార్కులు వేశారు. నాలుగో కేంద్రం దగ్గర కారులో తెచ్చుకున్న నీళ్ళ బాటిళ్ళు అయిపోయాయి. ఆరో కేంద్రం దగ్గర కారు ఏసీ ఆగింది. తొమ్మిదో కేంద్రంలో ఆయన సిబ్బందిని తాగడానికి నీళ్ళడిగారు. వాళ్ళు లేచి నిలబడి, చిరునవ్వు ఎంత నవ్వాలో అంతే నవ్వి, ఖాళీ చెంబు వంచి చూపించారు. శిక్షణ చక్కగా ఒంటబట్టిందని సంహిత రాసుకుంది.

అడ్డరోడ్డు చేరేసరికి ఒంటిగంట దాటింది. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల మీద, వాముల మీద, పాకల మీద వందల కొద్దీ వాచస్పతులు చిరునవ్వులు నవ్వుతున్నారు. కారు దిగిన వాచస్పతి మాత్రం నవ్వే స్థితిలో లేరు. కోటు భుజాన ఉంది, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అప్పుడే బస్సు దిగిన మిరపకోత కూలీలు ముప్పైమంది వరసలో ఉన్నారు. ఆయనకు వరస కనబడలేదు. కుండలు కనబడ్డాయి. వెళ్ళి ముందు నిలబడి రెండు చేతులూ దగ్గరికి చేర్చి పట్టారు.

సైదమ్మ ఆయన మొహం చూసింది. జప్తు చేయడానికి వచ్చినవాడెవరో ఆమెకు తెలుసు. రోడ్డు పొడుగునా ఉన్న మొహమే.

"ముందు మొహం కడుక్కోండయ్యా. దాని తర్వాత తాగుదురు. గబగబా తాగబాకండి," అని ధార సన్నగా వదిలింది.

ఆయన తాగారు. ఊపిరి తీసుకుని మళ్ళీ తాగారు. మూడోసారి దోసిలి పట్టినప్పుడు కళ్ళల్లోంచి కూడా నీళ్ళు కారాయి. పక్కన సంహిత తాగింది, డ్రైవరు తాగాడు. పాలరాయి మీద నీళ్ళు కారి ఇసుక ఇంకా తడిసింది.

పున్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏం రాసుకుంటారో రాసుకోండి సార్. సేవ జరుగుతున్న మాట నిజం."

వాచస్పతి గారు గడ్డం నుంచి నీళ్ళు కారుతుండగా కొంచెంసేపు ఆలోచించారు. సేవ జరిగిందని రాస్తే అది పొందిన మొదటి వ్యక్తి తనే అవుతాడు. నిర్మాత కాస్తా ఇడ్లీ తిన్నవాడవుతాడు. బిల్లెవరు కట్టాలన్న ప్రశ్న వస్తుంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"సంహితా, రాసుకో. స్థల పరిశీలనలో భాగంగా తనిఖీ బృందం ద్రవ నమూనాలు సేకరించినది. తడి అందువల్ల ఏర్పడినది. సేవ కానరాలేదు."

సంహిత రాసుకుంది. ఆయన వెనక్కి తిరిగి, తువ్వాళ్ళు నెత్తిన కప్పుకుని ఎండలో నిలబడ్డ ముప్పైమందినీ అప్పుడు చూశారు.

"మరి వీరంతా?"

"వాళ్ళూ నమూనాల కోసమేనండి," అన్నాడు పున్నయ్య. "రోజూ వస్తారు."

వాచస్పతి గారు వాళ్ళ వంక చూశారు, కుండల వంక చూశారు, మళ్ళీ వాళ్ళ వంక చూశారు. "నమూనాలు ఎక్కువే తీయాలి. జూన్ దాకా తీయించండి," అని మెల్లగా అన్నారు. "ఫ్లెక్సీలు ఇంకో రెండు వందలు పంపమంటారా?"

"మందమైనవి పంపండి సార్."

"తప్పకుండా. అసలు ఈ నమూనా సేకరణ పద్ధతిని జిల్లా అంతటా విస్తరించే అవకాశం..." అని వాచస్పతి గారు మళ్ళీ హుషారెక్కి చెయ్యి పైకెత్తబోయారు.

సైదమ్మ చెంబు ముంచి నింపుకుంటూ అంది.

"జరగండయ్యా, ఎనక జనం ఉన్నారు."